ఫిబ్రవరి జీతం

అశ్వారావుపేట చుట్టుపక్కల బళ్లలో పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పిన మాస్టారొకరు ఫిబ్రవరిని ‘కోతల నెల’ అనేవారు. ‘ఫిబ్రవరిలో వరికోతలేంది సార్?’ అని ఓ పిల్లవాడు అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆయన చెప్పింది చేలో కోత గురించి కాదు, జీతం బిల్లులో కోత గురించి.

సర్కారు ఉద్యోగి ఉన్న ఇంట్లో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏడాది పొడవునా జీతం మామూలుగానే వస్తుంది. మార్చి మొదట్లో చేతికందే ఫిబ్రవరి జీతంలో మాత్రం ఆ ఏటి ఆదాయపు పన్ను దాదాపు మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. 2017-18 లెక్కే చూడండి. మినహాయింపులన్నీ పోగా ఆరు లక్షలు తేలిన మాస్టారికి పడిన పన్ను 33,475 రూపాయలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు రమారమి 2,790. అంత కష్టమేమీ కాదు. కానీ ఇంటి అప్పు వాయిదా, జీపీఎఫ్, ఎల్‌ఐసీ పోగా మిగిలే నలభై అయిదు వేలలోంచి ముప్ఫైమూడు వేలు ఒకేసారి లాగేస్తే? పాలవాడికీ, కిరాణా కొట్టుకీ, హాస్టల్లో ఉన్న కూతురికీ మిగిలిన ఆ కాసిని డబ్బుల్లోనే సర్దాలి.

మాస్టారిది కోయ కుటుంబం. ఆ ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషి ఆయనే. తండ్రికి తెలిసిందల్లా పోడు, ఇప్పపువ్వు, ఎండాకాలంలో తునికాకు. ‘ఈ నెల పన్ను పోయింది నాయనా’ అని కొడుకు మొదటిసారి చెప్పినప్పుడు ఆ పెద్దాయన అతని దవడ వంక పరీక్షగా చూశాడట. విషయం అర్థమయ్యాక ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చిన్నది కాదు. ‘నువ్వు ఇయ్యకముందే వాళ్లే తీసుకున్నరా?’

అవును, వాళ్లే తీసుకున్నారు. అందులో తప్పేమీ లేదు కూడా. జీతగాడి దగ్గర పన్ను వసూలు చేయడానికి ఇంతకంటే మంచి దారి ఎవరికీ తట్టలేదు. మన దేశానికి ఆదాయపు పన్ను వచ్చింది 1860లో. సిపాయిల తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చు రాబట్టుకోవాలని జేమ్స్ విల్సన్ దొర తెచ్చాడు. 1922 చట్టం నాటికి జీతంలోంచే కోసుకునే పద్ధతి గట్టిపడింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా 1943లో, బ్రిటన్ 1944లో కోట్లాది కార్మికుల కూలిలోంచి వారం వారం, నెల నెలా పన్ను మినహాయించుకోవడం మొదలుపెట్టాయి. అమెరికాలో ఆ పద్ధతి తయారీలో చేయివేసిన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్, సర్కారు చేతికి డబ్బు ఇంత సులువుగా అందే ఏర్పాటు చేశానే అని తర్వాత నొచ్చుకున్నాడు. వాళ్లావిడ అయితే ఆయన్ని చాన్నాళ్లు దెప్పుతూనే ఉందట!

ఫ్రీడ్‌మన్ బాధ సంగతి అలా ఉంచితే, బ్రిటన్ వాళ్ల ఏర్పాటులో ఒక మంచి ఉంది. అక్కడ జీతం ఇచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన మొత్తం ఆదాయం, అప్పటిదాకా కోసిన మొత్తం పన్ను పక్కపక్కన పెట్టి లెక్క సరిచూస్తారు. ఎక్కువ కోసినట్టు తేలితే ఆ తేడా తర్వాతి జీతంలోనే కలిసి వచ్చేస్తుంది. మామూలు కార్మికుల్లో ఎక్కువమందికి రిటర్న్ వేసే పనే ఉండదు. కోత ఎక్కడ పడిందో, సర్దుబాటూ అక్కడే.

మన చట్టం మాత్రం ఫిబ్రవరి దాకా ఆగమందా? లేదు. 1961 చట్టంలోని 192వ సెక్షన్ జీతం ఇచ్చినప్పుడల్లా, ఏడాది మొత్తం ఆదాయం అంచనా వేసి, సగటు రేటున పన్ను కోయాలంది. అంటే ఏప్రిల్ నుంచే. కానీ ఏప్రిల్లో లెక్క వేసే నాథుడెవరు? బడిలో జీతాలు డ్రా చేసే అధికారి హెడ్మాస్టరు. చిన్న బడికి గుమాస్తా ఉండడు. ఈలోగా డీఏ పెరుగుతుంది, బకాయిలు పడతాయి, ఇంక్రిమెంటు కలుస్తుంది. చివర్లో చూద్దాంలే అనుకుంటారు. చివర అంటే ఫిబ్రవరి. పన్ను లెక్క కాగితం జత కాకపోతే ఆ నెల బిల్లు ట్రెజరీలో కదలదు మరి. ఆ హడావుడిలోంచి పుట్టిందే మన ఉపాధ్యాయుల సొంత సాహిత్యం... ఎక్సెల్ షీటు! లెక్కల మాస్టారెవరో ఇంట్లో కూర్చుని తయారుచేసిన ఆదాయపు పన్ను ప్రోగ్రాం పెన్‌డ్రైవుల్లో జిల్లాలు దాటేది. పేరు, మూలవేతనం కొడితే చాలు, మిగతాదంతా అదే నింపేది. ప్రభుత్వం చేయాల్సిన పనిని పంతుళ్లే ఉచితంగా చేసిపెట్టారన్నమాట. వాళ్లకి ఎవరూ సన్మానం చేసినట్టు లేదు.

అదే జీతం బిల్లులో ఇంకో పన్ను కూడా కోస్తారు. వృత్తి పన్ను. 1987 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం వచ్చేది. నెల జీతం 20 వేలు దాటితే 200 రూపాయలు. ఏడాదికి 2,500 మించి తీసుకోకూడదని రాజ్యాంగమే హద్దు పెట్టింది. నెల నెలా పోతుంది, అక్కడితో అయిపోతుంది. జీతగాడు దానికి రిటర్న్ వేయడు, రిఫండ్ కోసం ఎదురుచూడడు. ఆ పన్ను గురించి స్టాఫ్ రూములో ఎవరైనా నిట్టూర్చడం మాస్టారు ఎన్నడూ వినలేదు.

స్టాఫ్ రూము నిట్టూర్పులన్నీ పెద్ద పన్ను గురించే. ఏజెన్సీ బళ్లలో ఒక ప్రశ్న ఏటా తలెత్తేది. నాగాలాండ్, మిజోరం లాంటి చోట్ల సొంత ప్రాంతంలో సంపాదించుకునే గిరిజనులకు 1961 చట్టం 10(26) సెక్షన్ పన్ను లేకుండా చేసింది. మరి మనదీ ఏజెన్సీయే కదా? కాదు, ఆ సెక్షన్ ఈశాన్యానికీ, లద్దాఖ్‌కీ గీసిన గీత. భద్రాచలం అడవుల దగ్గరికి రాదు. రోడ్డెక్కితే మరో దృశ్యం. అశ్వారావుపేట అంటేనే పామాయిల్ తోటలు. గెలలు నింపుకున్న ట్రాక్టర్లు ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ముందు బారులు తీరతాయి. ఆ ఆదాయం ఎంతైనా వ్యవసాయమే కాబట్టి కేంద్రం పన్ను వేయదు. 1886 చట్టం నుంచీ వస్తున్న మినహాయింపు అది. పెద్ద కమతాల మీద పన్ను వేయొచ్చని 1972లో కె.ఎన్.రాజ్ కమిటీ చెప్పింది. ఆ సూచన బీరువాలోనే ఉండిపోయింది.

తోటల వాళ్ల మీద మాస్టారికి అసూయ లేదు. గెల ధర పడిపోయిన ఏడు ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. ఆయన్ని బాధించింది పన్ను పడటం కాదు, పడిన పన్నును తానే మళ్లీ రుజువు చేసుకోవాల్సి రావడం.

జరిగిందేమిటంటే, ఒక ఏడాది ఆయన పన్ను మామూలుగానే ఫిబ్రవరి జీతంలో కోతపడింది. బిల్లులో అంకె ఉంది, ఖజానాకు జమ అయింది. కానీ ఎవరి పేరున ఎంత కోశారో చెప్పే మూడు నెలల లెక్క, 24క్యూ, బడి తరఫున దాఖలు కాలేదు. అది దాఖలైతేనే ఆదాయపు పన్ను శాఖ కంప్యూటర్లో ఆయన పాన్ నంబరు ఎదుట ఆ సొమ్ము కనిపిస్తుంది. కనిపించలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆయన రిటర్న్ వేశారు. కొన్నాళ్లకు బెంగళూరు కేంద్రం నుంచి కబురొచ్చింది. మీరు పన్ను కట్టలేదు, వడ్డీతో సహా కట్టండి అని!

హెడ్మాస్టర్ని తప్పుపట్టడం తేలిక. ఆయనకు అప్పటికే పదో తరగతి పరీక్షలు, మధ్యాహ్న భోజనం లెక్కలు. 24క్యూ వేయించాలంటే పట్నంలో ఆడిటర్ని పట్టుకోవాలి. ఆ ఫీజుకి బడ్జెట్ ఉండదు, టీచర్లంతా తలా వందో రెండు వందలో వేసుకోవాలి. ఆలస్యమైతే 2012 జులై నుంచి రోజుకు 200 రూపాయల రుసుము. ఆ రుసుము చూసి భయపడి అసలు దాఖలే చేయకుండా వదిలేసిన కార్యాలయాలు లేకపోలేదు.

చట్టం మాస్టారి పక్షానే ఉంది. జీతంలోంచి కోసేసిన పన్నును మళ్లీ జీతగాడిని అడగకూడదని 1961 చట్టం 205వ సెక్షన్ చెప్పింది. కోసినవాడు జమ చేయకపోయినా, లెక్క ఇవ్వకపోయినా ఉద్యోగిని వేధించవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్‌లో తన అధికారులకు రాసింది. 2016 మార్చిలో మరోసారి గుర్తుచేసింది. ఒకసారి చెప్పిన మాట మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం కావట్లేదూ! నోటీసు తయారుచేసేది యంత్రం. దానికి లేఖలు చదవడం రాదు.

నూరు కిలోమీటర్లు దాటి ఖమ్మం వెళ్లి, జీతం బిల్లు నకలు, ట్రెజరీ కాగితం, ఫారం 16 చూపించుకుని తిరిగిరావడానికి మాస్టారు నాలుగు సెలవులు పెట్టారు. ఖమ్మం బస్సులో కూర్చుని ఆయన లెక్క వేసుకున్నది బస్సు చార్జీలు కాదు, ఆ నాలుగు రోజులు బడిలో నడవని పాఠాలు.

తునికాకు సంగతి ఆయనకు తట్టింది అక్కడే. అడవిలో ఆకు కోసి, యాభై ఆకుల కట్ట కట్టి కల్లంలో అప్పగించే మనిషికి కట్టకింత అని కూలి ఇస్తారు. ఆ ఆకు కొన్న కాంట్రాక్టరు దగ్గర అమ్మేటప్పుడే ఆదాయపు పన్ను వసూలు చేయాలని చట్టం. చాలా ఏళ్లపాటు అది నూటికి 5 రూపాయలు. ఆ పన్ను కట్టారా, లెక్క రాశారా, ఎవరి పేరున జమైంది అని ఆకు కోసిన ముసలమ్మను ఏ ఆఫీసూ అడగదు. అమ్మిన శాఖ, కొన్న కాంట్రాక్టరు తేల్చుకుంటారు. జీతగాడికీ అదే వర్తించాలి కదా. కత్తెర ఎవరి చేతిలో ఉందో లెక్క చెప్పాల్సిందీ వాళ్లే. కోసిన ప్రతి రూపాయీ ఎవరి పేరున జమైందో తేలేదాకా ప్రశ్నలన్నీ వాళ్లకే వెళ్లాలి.

ఇలాంటి ప్రయత్నం సగం దాకా జరిగింది కూడా. మొత్తం ఆదాయం 5 లక్షలు దాటని, ఒకే చోట జీతం తీసుకునే ఉద్యోగులు రిటర్న్ వేయక్కర్లేదని 2011లో బోర్డు ప్రకటించింది. పొదుపు ఖాతా వడ్డీ 10 వేల లోపు ఉండాలి, రిఫండ్ అడగకూడదు. రెండేళ్లు నడిచింది. 2013లో ఎత్తేశారు. ఆన్‌లైన్‌లో వేయడం సులువైపోయింది కదా అన్నారు. ఢిల్లీలో సులువే.

2025 బడ్జెట్ వచ్చాక కొత్త విధానంలో జీతగాడికి 12.75 లక్షల దాకా పన్ను లేకుండా పోయింది. చాలామంది టీచర్లకు కోతల నెల కథ తప్పింది. అదే ఏడు చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకుని, పాత చట్టం భాషను కొంత తేలిక చేసింది. బాగుంది. అయితే పన్ను పడని వాళ్లు పెరిగేకొద్దీ అసలు ప్రశ్న ముదురుతుంది. పన్నే లేని మనిషి దగ్గర కోసిన సొమ్ము మాటేమిటి?

మాస్టారి మేనల్లుడిది అదే గొడవ. నెలకు 15 వేల జీతానికి ఒక కాంట్రాక్టరు కింద మూడేళ్లు పనిచేశాడు. ఏడాదికి లక్షా ఎనభై వేలు. ఏ లెక్కన చూసినా అతనికి ఆదాయపు పన్ను లేదు. 2024లో పని పోయాక పీఎఫ్ తీసుకుందామని దరఖాస్తు పెట్టాడు. ఎనభై వేల చిల్లర. అయిదేళ్ల సర్వీసు నిండకుండా 50 వేలు, ఆ పైన తీసుకుంటే నూటికి 10 కోస్తారు. పాన్ లేకపోతే 20. 2023 ఏప్రిల్‌కు ముందయితే ఇంకా ఎక్కువే. అతనికి పాన్ కార్డు ఉంది, కానీ పీఎఫ్ ఖాతాకు ఎక్కలేదు. కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, కాంట్రాక్టరు గుమాస్తా రాసిన చోట ఒక్క అక్షరమే ఉంది. పేర్లు కలవలేదని కంప్యూటరు తిప్పికొట్టింది. పదహారు వేల పైచిలుకు పోయింది. అంటే నెల జీతం కన్నా ఎక్కువ. పాన్ నంబరు లేకుండా కోసిన సొమ్ము అతని పేరున జమ కాదు, జమ కానిదాన్ని రిఫండ్‌గా అడగడానికి దారి లేదు. గుమాస్తా రాసిన ఆ ఒక్క అక్షరానికి గుమాస్తా దగ్గర ఒక్క రూపాయి కోయలేదు.

మాస్టారు ఇప్పుడు రిటైరయ్యారు. ఎక్సెల్ షీట్లు నింపిన చేత్తోనే ఊళ్లో వాళ్లకు దరఖాస్తులు రాసిపెడుతుంటారు. మేనల్లుడు సంయుక్త ధ్రువీకరణ కాగితం పట్టుకుని వచ్చాడు. అప్పటి పద్ధతిలో పేరు సవరణకు ఉద్యోగి, యజమాని ఇద్దరూ ఒప్పుకోవాల్సి ఉండేది. కాంట్రాక్టరు ఆఫీసు వేరే ఊరికి మారిందట, ఫోను ఎత్తట్లేదట.

‘ముందు మన వంతు నింపుదాం, కూర్చో’ అన్నారు మాస్టారు.

అతను పెన్ను పట్టుకుని మొదటి గడి దగ్గరే ఆగాడు.

‘ఇంటిపేరు ముందు రాయాల్నా, వెనక రాయాల్నా మామా?’

‘ఆధార్ల ఎట్లుందో చూడు అల్లుడూ. అట్లనే రాయి.’