అప్పడం చప్పుడు

మా టామీకి మాటలు రావు గానీ చప్పుళ్ళు బాగా తెలుసు. గేటు గడియ చప్పుడైతే ఒక చెవి ఎత్తుతుంది. పక్కింటి వాళ్ళ స్కూటరుకి ఆవులిస్తుంది. అప్పడం విరిచిన చప్పుడు వినిపిస్తే మాత్రం, మేడమీద నిద్రలో ఉన్నా సరే, వచ్చి మా భోజనాల బల్ల కింద వాలుతుంది. వచ్చి ఊరుకుంటుందా? ముందు మూలుగు, తర్వాత మోకాలి మీద కాలు, ఆపైన అరుపు. చుట్టాలొచ్చిన రోజైతే నాకు తల కొట్టేసినట్టుండేది.

"దీనికీ అలవాటు చేసిందెవరు?" అని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. "నేనెప్పుడైనా పెట్టానా?" అనేవారు మావారు, బల్ల కింద నుంచి ఎడమచెయ్యి తీస్తూ. పిల్లలకి ఇష్టం లేని కూరముక్కలన్నీ దాని పొట్టలోకే. అత్తగారి దగ్గర మాత్రం దాపరికం లేదు. "నోరులేని జీవం ఎదురుగా చూస్తుంటే నాకు ముద్దెలా దిగుతుందమ్మా?" అనేసేవారు. నిజం చెప్పొద్దూ, గిన్నె అడుగున మీగడ నాకించేది నేనే.

రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల జీర్ణక్రియ మీద పరిశోధనలు చేసి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తిండి నోట్లో పడక ముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే ఆ కుక్కలకి నోరూరడం ఆయన కనిపెట్టాడు. ఆయనకి అంత పెద్ద ప్రయోగశాల కావలసి వచ్చింది. మేం మినప్పప్పడాలతోనే సాధించాం!

ఇదంతా నవ్వుకునే విషయంగానే ఉండేది, కిందటి వేసవి దాకా. మా ఆడపడుచు నాలుగేళ్ళ కొడుకుని తీసుకుని వచ్చింది. పెరట్లో టామీ అన్నం తింటోంది. పిల్లవాడు ఆటగా గిన్నె మీద చెయ్యి వేశాడు. గుర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే పళ్ళు టక్కుమన్న చప్పుడు వంటింట్లోకి వినిపించాయి. చెయ్యికి వెంట్రుకవాసి దూరంలో తప్పింది. ఆడపడుచు ఒక్కమాట అనలేదు గానీ, పిల్లవాణ్ణి చంకనెత్తుకుని మళ్ళీ కిందికి దించలేదు. ఆ రాత్రి మావారు, "ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు.

ఇచ్చే ముందు ఒక్కసారి పశువుల డాక్టరుగారికి చూపిద్దామని నేనే పట్టుబట్టాను. ఆయన టామీని చూసింది తక్కువ, మమ్మల్ని ప్రశ్నలడిగింది ఎక్కువ. "తినేటప్పుడు గిన్నె లాగేస్తుంటారా?" అన్నారు. మావారు నేల చూపులు చూశారు. యజమాని ఎవరో కుక్కకి తెలియాలంటే మధ్యలో గిన్నె తీసెయ్యాలని ఎవరో చెబితే, అది పిల్లగా ఉన్నప్పటి నుంచీ అదే చేశారు. పిల్లలకదో సరదా అయింది. "మరింకేం? గిన్నె దగ్గరికొచ్చే చెయ్యి దొంగచెయ్యి అని మీరే నేర్పారు" అన్నారాయన.

గిన్నె దగ్గరికెళ్ళినప్పుడు తియ్యకూడదట, దూరం నుంచే ఇంకాస్త మంచి ముక్క వెయ్యాలట. రోజుకి రెండు పూటలు, ఒకే చోట, దాని గిన్నెలోనే పెట్టాలి. మన కంచంలోది ఎవరూ పెట్టకూడదు. పెట్టీ పెట్టక ఊరిస్తేనే అలవాటు మరీ గట్టిపడుతుందట, లాటరీ టిక్కెట్ల పిచ్చిలాగ. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తానికి చేటనీ, ఎండుద్రాక్ష మూత్రపిండాలకి చేటనీ విని నా గుండె జారింది. ఎన్ని పండగల పాయసం నాకిందో అది!

మొదటి మూడురోజులూ మునుపటికి రెట్టింపు అరిచింది. నాలుగోనాడు మావారు ఓడిపోయి, "ఒక్క ముక్కేగా" అని వేసేశారు. నాలుగురోజులు అరిస్తే దొరుకుతుందని అది నేర్చుకుంది. మళ్ళీ మొదటికొచ్చాం.

పదిరోజులకి ఇల్లు నెమ్మదించింది. అప్పుడే సెలవురోజున ఇంట్లో ఉండి అత్తగారి భోజనం చూశాను. నేను బడికీ, మావారు ఆఫీసుకీ పోతే ఆవిడ రెండింటికి ఒక్కరే తింటారు. రెండు ముద్దలు తిని లేచిపోయారు. "ఆకలి లేదమ్మా" అన్నారు. మూసిన తలుపవతల టామీ గోకుతోంది. ఆవిడ అటే చూస్తూ, "మీ మామగారు పోయాక, నా ఎదురుగా కూర్చుని నా భోజనం చూసేది అదొక్కటేనే" అన్నారు.

నాకు మాట రాలేదు. ఏడేళ్ళుగా ఆవిడ మధ్యాహ్నం ఎలా తింటున్నారో నేనడగలేదు. టామీ ఏం తింటోందో మాత్రం కాగితం మీద రాసి గోడకంటించాను.

దాని పగటి భోజనం రెండింటికి మార్చాం. పోపు పెట్టని పెరుగన్నం విడిగా తీసి ఉంచుతాను. అత్తగారు వరండాలోకి వెళ్ళి "కూర్చో" అంటే కూర్చుంటుంది. ఆవిడ గిన్నె కింద పెట్టి, పక్కనే కుర్చీలో తన కంచం పట్టుకుని కూర్చుంటారు. టామీది అరనిమిషంలో అయిపోతుంది. అయినా లేవదు, మూలగదు. గడపకి గడ్డం ఆనించి ఆవిడ తినడం చూస్తూ ఉంటుంది.

సంక్రాంతికి ఆడపడుచు కొడుకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, దూరం నుంచి గుడ్డుముక్క గిన్నెలోకి విసిరాడు. తోక ఊగింది. వాళ్ళమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడింది, అది వేరే సంగతి. అత్తగారు మాత్రం, "మాకు భోజనం వేళయింది, తప్పుకోండర్రా" అంటూ కంచం తీసుకుని వరండాలోకి నడిచారు.