నడుంనొప్పి గుర్రం

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత ఉంది కదా. ఈ వేసవంతా మావారి నోట అదే మాట. కారణం బ్రూనో.

మేముండేది టెక్సాస్‌లో. మా అమ్మాయికి 14 ఏళ్ళు. నాలుగేళ్ళుగా శనివారాలు గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. ఆ శాలలోనే ఉండేవాడు బ్రూనో. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన థరోబ్రెడ్. ఇప్పుడు 9 ఏళ్ళు. జీను బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవొచ్చేవాడు. ఎక్కితే ఎగిరి పడేసేవాడు. అందరూ పొగరనుకున్నారు. చివరికి ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి తెలిసింది.

గుర్రానికి మెడ వెనక నుంచి నడుం దాకా 18 వెన్నుపూసలుంటాయట. ఒక్కోదాని మీద ముల్లులా పైకి లేచిన ఎముక. వాటి మధ్య ఎడం ఉండాలి. బ్రూనోకి సరిగ్గా జీను కిందే అవి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. దీన్ని ‘కిస్సింగ్ స్పైన్స్’ అంటారు. పేరే ముద్దుగా ఉంది, నొప్పి కాదు.

వాడి యజమానురాలు వేరే ఊరు వెళ్ళిపోతూ, మీరు చూసుకుంటానంటే ఊరికే ఇస్తానంది. ఊరికే వచ్చేది గుర్రమే! శాల అద్దె, మేత, ఆరేడు వారాలకోసారి లాడాలు, ఇంజక్షన్లు, అవసరమైతే ఆపరేషన్... మావారు కాగితం మీద రాసి చూపించారు. గుర్రాలు పాతికేళ్ళు పైనే బతుకుతాయి మరి. నేనూ వద్దనే అన్నాను.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో కాన్పు తర్వాత నాకూ నడుం పట్టేసేది. వంగితే లేవలేకపోయేదాన్ని. పైకి ఏమీ కనిపించదుగా, పని తప్పించుకోవడానికి నాటకమనుకున్నారు ఇంట్లో. రెండేళ్ళకి స్కాన్ తీశాక గానీ ఎవరూ నమ్మలేదు. నేను కనీసం నొప్పని నోరు తెరిచి చెప్పాను. వాడు తన్ని చెప్పాడు, అంతే తేడా.

పశువుల డాక్టరమ్మని అడిగాం. కొన్నింటికి ఎముకలు తగులుకున్నా నొప్పే ఉండదని, చాలావాటికి మెల్లగా వ్యాయామంతో నయమవుతుందని, కొన్నింటికి కాదని, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పారు.

“ఎప్పటికీ ఎక్కలేకపోతే?” అని మా అమ్మాయిని అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, “నా క్లాసుల డబ్బులు వాడికి పెట్టమ్మా. నేను పక్కన నడుస్తాను” అంది. మావారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పటికి నాలుగు నెలలు. జీను ఊసే లేదు. తాడు పట్టుకుని నడిపించడం, నేల మీద పరిచిన కర్రలు దాటించడం, క్యారెట్ ఆశ చూపించి మెడ అటూ ఇటూ తిప్పించడం. పొట్ట కండరాలు గట్టిపడితే వెన్నుకు ఊరటట. నా ఫిజియోథెరపిస్టూ అదే చెప్పింది! పొద్దున్నే చాప మీద నేను, సాయంత్రం అక్కడ వాడు, ఇద్దరిదీ ఒకటే కసరత్తు.

పోయిన వారం వీపు మీద బ్రష్ చేస్తుంటే మొదటిసారి చెవులు వెనక్కి వాల్చలేదు. తల దించి, కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాడు. మా అమ్మాయి ఏడ్చేసింది. ఎప్పటికైనా స్వారీకి పనికొస్తాడా అంటే, ఇంకా తెలీదండీ.

మావారు సామెత మానలేదు. కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా క్యారెట్లు మాత్రం రెండు సంచులు తెస్తున్నారు.