పసుపులో తెలుపు కలిపితే

రెండో తరగతి పిల్లలకు ఒకసారి రంగుల మీద చిన్న పరీక్ష పెట్టాను. ఎరుపు, పసుపు కలిపితే ఏం వస్తుంది? పసుపు, నీలం కలిపితే? నీలం, ఎరుపు కలిపితే? చివరికి ఇంకో ప్రశ్న నేనే చేర్చాను: పసుపు, తెలుపు కలిపితే? లేత పసుపు అని రాస్తారనుకున్నాను. ఒక పిల్ల మాత్రం 'ఎరుపు' అని రాసింది. నేను రెండోసారి చూడకుండా ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి నోటుబుక్కు ఇచ్చేశాను.

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. బుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. అట్లా ఊరుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

నేను ఆశ్రమ పాఠశాలలో చేరిన కొత్తలో ఇంట్లో గోండి తప్ప వేరే మాట లేదు. నాకు వచ్చిన కొద్దిపాటి తెలుగు అంగట్లో విన్నదే. అంగట్లో బట్టలమ్మే ఆయన పసుపు రంగు చీరను 'పచ్చ చీర' అనేవాడు. గడ్డిని పచ్చగడ్డి అనేవాడు. బడిలో సారు పసుపు సుద్దముక్క చూపించి ఏం రంగు అంటే పచ్చ అన్నాను. తర్వాత వేపాకు చూపించాడు. అదీ పచ్చే అన్నాను. క్లాసంతా నవ్వింది. "వీళ్లకు రంగులు కూడా తెలియవు" అన్నాడు సారు. ఆ 'వీళ్లకు' అన్న మాట నాకు చాలా ఏళ్లు గుర్తుంది. ఆ ఏడంతా నేను చెయ్యి ఎత్తలేదు. పెద్దయ్యాక తెలిసింది, తెలుగే ఈ రెండింటినీ ఒక మాటతో పిలుస్తుందని. పచ్చకామెర్లలో పచ్చ ఒకటి, పచ్చని పొలంలో పచ్చ ఇంకొకటి. అందుకే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందు ఒక మాట తగిలించుకుంటారు. నేను చెప్పిన రెండు జవాబులూ తప్పు కావు. కానీ అప్పటికి ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

మర్నాడు ఆ పిల్లను పక్కకు పిలిచి గోండిలో అడిగాను. తెలుగులో అడిగితే చెప్పేది కాదు. "మా అవ్వ కాలు బెణికితే పసుపులో సున్నం కలిపి వేడి చేసి పట్టు వేశారు. ఎర్రగా అయ్యింది. సున్నం తెల్లగానే ఉంటుంది కదా టీచర్" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ పట్టు నా కాలికీ వేశారు, నా పిల్లల కాలికీ నేను వేశాను. పెళ్లిళ్లలో పారాణి కలపడం చూశాను. దిష్టి తీసే ఎర్రనీళ్లు చూశాను. అయినా చేతిలో ఎర్ర పెన్ను పట్టుకున్నప్పుడు అవేవీ గుర్తుకు రాలేదు.

ఆ రోజు గణితం పక్కన పెట్టాం. వంటగదిలో నుంచి పసుపు, చింతపండు, బియ్యప్పిండి తెచ్చాం. సున్నం పాన్ డబ్బాలోది. నాలుగు స్టీలు ప్లేట్లు వరుసగా పెట్టాను. మొదటి దాంట్లో పోస్టర్ కలర్ డబ్బాలోని పసుపు, తెలుపు కలిపాం. లేత పసుపు వచ్చింది. రెండో దాంట్లో వంట పసుపు నీళ్లలో కలిపి చిటికెడు సున్నం వేశాం. వేలుతో తిప్పగానే ఎర్రబడింది. పిల్లలు కేకలు పెట్టారు. జవాబు రాసిన పిల్ల మాత్రం ఇందులో కొత్తేముంది అన్నట్టు నిలబడింది.

వెనక నుంచి ఒక పిల్లవాడు, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూసేవాడు, బియ్యప్పిండి కూడా తెల్లగానే ఉంది కదా, అది కలిపి చూద్దాం అన్నాడు. కలిపాం. పసుపు పసుపుగానే ఉండిపోయింది. అంటే పని చేసింది తెలుపు కాదు, సున్నం. ఆ ఒక్క ప్రశ్నతో వాడు నాకు సగం పాఠం చెప్పాడు.

తర్వాత ఎర్రబడ్డ ప్లేటులో చింతపండు పులుసు పోశాం. ఎరుపు పోయి పసుపు మళ్లీ వచ్చింది. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుంది. సున్నంలాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపవుతుంది. తెల్ల చొక్కా మీద కూర మరకకు సబ్బు రుద్దితే ఎర్రగా అవడం కూడా ఇదే. ఇంత రెండో తరగతికి చెప్పలేదు. "ఇక్కడ పసుపు మారింది. డబ్బాలో రంగులు మారవు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి" అన్నాను. నమ్మడానికి వాళ్లు ఎరుపు, పసుపు పెయింట్లు కలిపి వచ్చిన నారింజ మీద కూడా పులుసు పోశారు. పలుచబడింది గానీ విడిపోలేదు.

ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక రంగులని, వాటిని వేరే రంగులు కలిపి చేయలేమని మనం చెప్తాం. పెయింటు డబ్బాల వరకు చిన్నపిల్లలకు ఆ మాట చాలు. పుస్తకాలు అచ్చువేసే యంత్రంలో మెజెంటా, సయాన్, పసుపు ఉంటాయి. సెల్‌ఫోను తెర మీద ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపు కనబడుతుంది. కాబట్టి 'ఏ రంగుల్లో' అని ఒక మాట చేర్చి అడగాలి. నా ప్రశ్నలో ఆ మాట లేదు.

తోటి టీచర్లకు పనికొచ్చే ఒకటి రెండు సంగతులు. ఆకుపచ్చ చేసేటప్పుడు పసుపు ముందు పెట్టి, నీలం పుల్లతో చుక్క చుక్కగా వేయించండి. నీలంలో పసుపు పోస్తూ పోతే డబ్బా అయిపోతుంది గానీ ఆకుపచ్చ తొందరగా రాదు. ఎన్ని చుక్కలకు వేపచిగురు రంగు, ఎన్ని చుక్కలకు ముదురు టేకాకు రంగు వచ్చిందో లెక్కపెట్టమనండి. గణితం కూడా అయిపోతుంది. మూడు రంగులూ కలిపేసి మట్టిరంగు చేస్తే పాడుచేశావని తిట్టకండి. మా పిల్లలు దాన్ని చూసి మా ఇంటి గోడ అన్నారు. మర్నాడు ఆ రంగుతోనే ఇల్లు వేశారు.

నారింజ దగ్గర మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు. మోదుగు పువ్వులో ఎవరు కలిపారు అని అడిగారు. హోళీకి ఆ పూలు ఉడికించి రంగునీళ్లు తీయడం ప్రతి ఇంట్లో చూసినవాళ్లే. నారింజ కలిపితేనూ వస్తుంది, చెట్టు ఇస్తేనూ వస్తుంది అన్నాను. అందుకు తృప్తిపడ్డారో లేదో తెలియదు.

బడి వదిలే ముందు ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకొచ్చింది. నేను కొట్టిన ఎర్రగీత మీద చింతపండు పులుసు పూసి ఉంది. కాగితం తడిసి, ఇంకు పక్కలకు పాకింది.

"ఇది పోవట్లేదు టీచర్" అంది.

బుక్కు ఎండలో ఆరబెట్టాం. ఆరాక ఆ మరక పక్కనే రైటు పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని పక్కనున్న పిల్లకు చూపించింది. తర్వాత నా పెన్నులోని ఎరుపు దేంతో చేస్తారని అడిగింది.