రాత్రి మూసే దారి

పిల్లలూ! హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీరు చూశారా? అక్కడ పొద్దుపోయినా బళ్ళ రొద ఆగదు. అక్కడినుంచి శ్రీశైలం 200 కిలోమీటర్లకు పైనే. అయితే, ఆ దారి రాత్రిపూట నిద్రపోతుంది!

దారిలో మన్ననూరు వద్ద అటవీశాఖవారి గేటు ఉన్నది. రాత్రి 9 గంటలకు దాన్ని మూసి, ఉదయం 6 గంటలకు తెరుస్తారు. ఎందుకో తెలుసా? అక్కడినుంచి నల్లమల అడవి, అంటే పెద్దపులుల ఇల్లు. చీకట్లో బండి దీపాలు కళ్ళలో పడితే దుప్పులు బెదిరి, దారిలోనే నిలబడిపోతాయి.

కొండమీద మల్లికార్జునస్వామి, భ్రమరాంబాదేవి వెలసి ఉన్నారు. ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఇదొకటి. గుడినుంచి కృష్ణానదికి, అంటే పాతాళగంగకు, మెట్లు దిగి వెళ్ళాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అక్కడ మెట్లు కట్టించాడు. స్వామి తమ పిల్లను పెళ్ళాడాడని, తమకు అల్లుడని అడవిలోని చెంచులు చెప్పుకుంటారు. వారికి ఆయన చెంచు మల్లయ్య!

దారిలో కోతులు చేయి చాస్తాయి. జాలిపడి ఏమీ పెట్టకండి. తిండికి అలవాటుపడి రోడ్డుమీదికి వచ్చి, బళ్ళకింద పడతాయి. మీ ప్లాస్టిక్ సంచులు మీ వెంటే తెచ్చుకోండి. మల్లయ్య ఇంటికి మనం చుట్టాలం. మంచి చుట్టం వేళకు వస్తాడు, ఇల్లు పాడుచేయడు.