హాంగ్ లిమ్ పార్కు

ఊరి నుంచి చుట్టాలొస్తే మెర్లయన్, సెంటోసా, ముస్తఫా చూపిస్తాం. క్లార్క్ కీ స్టేషన్ పక్కనున్న హాంగ్ లిమ్ పార్కుకి ఎవరినీ తీసుకెళ్లం. 1959 నుంచి ఒకే పార్టీ ఏలుతున్న సింగపూర్‌లో పోలీసు పర్మిట్ లేకుండా పౌరులు ఆరుబయట నిరసన తెలపగలిగే చోటు అదొక్కటే.

మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377ఎని బ్రిటిష్‌వాళ్లు 1938లో తెచ్చారు. 2009 మేలో సుమారు 2,500 మంది గులాబీ రంగు బట్టలతో ఈ పార్కులో పెద్ద చుక్కలా నిలబడ్డారు. జెండాలోని ఎరుపు, తెలుపు కలిస్తే వచ్చే రంగది. అదే 'పింక్ డాట్'. ఊరేగింపు లేదు, గొడవ లేదు. రూలు దాటకుండా ఏటేటా అదే పని.

2017 నుంచి విదేశీయులకి ప్రవేశం లేదు. చుట్టూ కంచె, గేటు దగ్గర ఐడీ కార్డుల తనిఖీ. 2019 జూన్‌లో నాతో పనిచేసే స్థానిక మిత్రుడు లోపలికెళ్లాడు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదున్న నేను బయట ఫుట్‌పాత్ మీదే ఆగిపోయాను.

"నువ్వు రాలేకపోతే ఏం? సోమవారం ఆఫీసులో ఎప్పటిలాగే మాట్లాడు, చాలు" అన్నాడు.

2022 నవంబరులో పార్లమెంటు 377ఎని రద్దు చేసింది. పెళ్లి నిర్వచనం కోర్టులకి చిక్కకుండా రాజ్యాంగాన్నీ అప్పుడే సవరించింది. నా మిత్రుడిప్పుడు చట్టం దృష్టిలో నేరస్థుడు కాడు. తనకి నచ్చినవాణ్ణి పెళ్లాడే వీలు మాత్రం ఇంకా లేదు.