పాత గోడలు, కొత్త ఎండలు

మనలో చాలామంది ఈ దేశంలో కొన్న మొదటి ఇల్లు మన తాతల వయస్సుదే. లెస్టర్‌లో మాదీ అంతే, 1919కి ముందు కట్టిన ఇటుక వరుస ఇళ్ళలో ఒకటి. ధర మాత్రం పాతది కాదు! ఇచ్చిన డబ్బంతా బడి, ఆసుపత్రి దగ్గరున్న ఆ నేలకే గాని గోడలకు కాదు.

"ఇంత పోసి కొన్నారు గదా, గాలి ఎటునుంచి వస్తోందిరా?" అని మా అత్తగారు వచ్చినప్పుడు మావారిని అడిగారు. అన్ని వైపుల నుంచీ వస్తుంది. ఇవి బొగ్గు మంటల కాలంలో కట్టిన ఇళ్ళు. నిప్పు మండాలంటే గాలి ఆడాలి గదా. అందుకని పొగగూట్లోంచి, చెక్క నేల సందుల్లోంచి గాలి తిరుగుతుంది. గోడ తొమ్మిదంగుళాల ఇటుకే. తర్వాత కట్టిన ఇళ్ళకున్నట్టు మధ్యలో ఖాళీ లేదు. బొగ్గు పోయి గ్యాసు బాయిలరు వచ్చినా ఆ సందులు అలాగే ఉన్నాయి. సగం వేడి వీధి పాలవుతుంటే బాయిలరు ఇంకా మండుతుంది, బిల్లు పెరుగుతుంది. ఆ మంటలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడు ఆకాశంలో పేరుకుని ఎండలు పెంచుతుంది.

ఆ ఎండలు మన గుమ్మంలోకే వచ్చాయి. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు! పలకరాతి కప్పు కింద పై గదిలో పడుకోలేక మా అమ్మాయి కింద హాల్లో దుప్పటి పరుచుకుంది. బెజవాడ వాళ్ళం, నలభై ఒక లెక్కా అనకండి. అక్కడ మా పెంకుటింటికి వసారా ఉండేది, నెత్తిన ఫ్యాను తిరిగేది.

గోడలకు లోపలి వైపు చలి ఆపే పలకలు వేయిద్దామని నేను. ఆ డబ్బు అమ్మాయి ఇంటి డిపాజిట్టుకు దాచినదని మావారు. దానికి దొరికేదీ ఇలాంటి కొంపే గదా! సర్కారు వరస కూడా చూడండి: కొత్త ఇల్లు కడితే వ్యాట్ లేదు, పాత ఇంటి కప్పు బాగుచేయిస్తే 20 శాతం. చలి ఆపే సరుకుకు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి 2027 మార్చి ఆఖరు దాకా మినహాయింపు ప్రకటించారు.

గది కొంచెం ఇరుకవుతుంది, తడి లోపల చిక్కకుండా గాలికి దారి వదలాలి అన్నాడు చూడవచ్చిన మేస్త్రీ. ఉత్తరం వైపు వెనక గోడ ఒక్కదానికీ లెక్క వేయించాను. ఆ కాగితం మావారి బల్లమీద ఉంది, ఇంకా సంతకం కాలేదు.