ఏడో క్లాసుతో ఆగినవాళ్ల సంగతి

ఆదివారం మీటింగులో స్కాలర్‌షిప్పు 90 శాతం దాటిన పిల్లలకే అన్నారు. నాకు సమ్మతం కాదు.

ఇదే మద్రాసులో 1937లో దుర్గాబాయి గారు ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు మార్కులు చూసి పిలవలేదు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కు తయారుచేశారు. ఆమెకే ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఆ పెళ్లి వద్దనుకుని, ఉద్యమంలో జైలుకెళ్లొచ్చి, ఆ తర్వాతే ఆ పరీక్ష రాశారు. 1942లో లా అయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, పెద్దవయసు ఆడవాళ్లకు తక్కువ కాలంలో పూర్తయ్యే కోర్సులు పెట్టించారు. పదవి వచ్చినా పట్టు అదే!

మా అక్కను ఏడో క్లాసుతో ఆపేశారు, నీళ్లు పట్టడానికి, తమ్ముళ్లను చూడడానికి. నేను రైల్వే పరీక్షకు చదువుతుంటే వడ్డీ లెక్కలు నాకంటే ముందు నోటితో చెప్పేసేది. మార్కుల లెక్కలో ఆమె ఎక్కడ?

ఎనిమిది, పది ప్రైవేటుగా రాసే మనవాళ్లు ఇద్దరికైనా ఈ ఏడాది ఫీజు, పుస్తకాలు ఇద్దాం. వయసు అడగొద్దు. ఫారాలు నింపేది నేను. తమిళంలో నింపాల్సి వస్తే, ఆ మీడియం చదువు ఇన్నాళ్లకు సంఘానికి పనికొస్తుంది.